ఆపరేటరు గారి అల

మొన్న రేపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళి జరిగింది ఒకప్పటి సినిమా హాల్లో. కుర్చీలు పీకేసి, నేల చదును చేసి, తెర ఉన్న గోడకు పూల మంటపం కట్టి దాన్ని ఫంక్షన్ హాలు చేశారు. భోజనాల మొదటి బంతికి ఇంకా టైముందని వెనకవైపుకు వెళితే, మగవాళ్ళ మరుగుదొడ్డి మాత్రం మార్చలేదు. గోడకు ఎత్తున ఇనప తొట్టి, కింద వరసగా పింగాణీ గిన్నెలు. ఎవరూ గొలుసు లాగలేదు, మీట నొక్కలేదు. తొట్టి దానంతటది ఒక గుటక వేసి, భళ్ళున నీళ్ళు వదిలి, చివర్న గుర్రుమని గాలి పీల్చుకుని ఊరుకుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. నా వెనక ఉన్నాయన కాసేపు చూసి, "అయిందాండి?" అన్నాడు.

"ఇంకోసారి పడనివ్వండి," అన్నాను.

షుగరు మనిషి అనుకున్నాడేమో, జాలిగా పక్కకు తప్పుకున్నాడు.

రెండోసారి పడేసరికి నా వాచీలో నాలుగు నిమిషాలు దాటింది. 'నాలుగంటే చాలా ఎక్కువండి. ఈలోగా పగడానికి ఆకలేస్తుంది' అని చెవి పక్కనే ఎవరో అన్నట్టు అనిపించింది. ఎవరో ఏంటి, ఆపరేటరు గారే. ఈ హాల్లోనే, పైనున్న ఆ చిన్న గదిలో, ఇరవయ్యేళ్ళ పైన బొమ్మ వేశారు. కంప్యూటర్ ప్రొజెక్టర్లు వచ్చాక ఆ పని పోయింది గాని పిలుపు పోలేదు. ఆయనకో పేరుంది, నాకు తెలుసు కూడా. కానీ ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడా పిలవను. ఆయన పోయి ఏడాది దాటింది.

ఆ రోజు పెళ్ళి భోజనం నాకు సహించలేదు. తీపి వడ్డించేలోగా బంతిలోంచి రెండుసార్లు లేచాను. పక్కనున్న బంధువు, "ఏంట్రా, తేలు కుట్టినట్టు లేస్తున్నావు?" అన్నాడు. కుట్టింది నిజమే. కుట్టి చాలాకాలమైంది.

నా గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తప్పు ఎవరిదో తెలియదు. మాది తెనాలిలో కుళాయిలు, పైపులు అమ్మే కొట్టు. తాతది, తర్వాత నాన్నది, ఇప్పుడు నాది. గల్లాపెట్టె పక్కన మేకుల డబ్బా మీద కూర్చుని పెరిగాను. 'అమ్మ' తర్వాత నేను నేర్చుకున్న మాట 'చివరికెంత' అని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి. చెప్పిన ధరకు ఏదైనా కొంటే నాకు జ్వరం వచ్చినట్టుంటుంది. డాక్టరు మూడు పూటలు మాత్రలు వేసుకోమంటే రెండు పూటలకు తెగ్గొట్టి వచ్చిన మనిషిని.

మా తాత కొట్టుకు రెండు పద్ధతులు పెట్టి పోయాడు. మొదటిది, ఇత్తడి సరుకు. ప్లాస్టిక్ అడిగినవాడికి ప్లాస్టిక్ ఇస్తాం గాని, మా దృష్టిలో అది సరుకు కాదు. రెండోది, కొసరు. బేరంలో ఎవరినైనా బాగా కిందికి దించితే, అది కొన్నప్పుడైనా అమ్మినప్పుడైనా సరే, వాళ్ళు మెట్లు దిగుతుండగా పిలిచి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. ఒక వాషరో, ఒక టేపు చుట్టో. ముందే చెబితే అది కొసరు కాదు, బేరంలో భాగమైపోతుంది. చెప్పకుండా, చిట్టచివర ఇవ్వాలి. నాన్న ఈ పద్ధతి ఒక్కనాడూ తప్పలేదు. నేనూ తప్పలేదు. తప్పి ఉంటే బాగుండేది.

కొట్టుకు అద్దాలు పెట్టించి స్నానాల గదుల షోరూము చేసినప్పుడు, దారిన పోయేవాళ్ళు ఆగేలా ఏదైనా ఉండాలనిపించింది. బాపట్లలో అక్వేరియం కొట్టు నడిపే ఒకావిడ ఉంది. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అన్నయ్యగారూ అంటుంది. ఆవిడ దగ్గర ఉప్పునీళ్ళ తొట్టి చూశాను. నాలుగడుగుల అద్దంలో, రాళ్ళకు అంటుకుని, ఊదారంగువి, పచ్చవి, చిన్నపిల్లల వేళ్ళలాంటివి ఊగుతున్నాయి. పగడాలు. గట్టిపడి పూసలయ్యేవి కాదు, మెత్తటి రకం. మూడుసార్లు బాపట్ల వెళ్ళి మూడుసార్లూ బేరమాడాను. మూడోసారి ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "సరే అన్నయ్యగారూ, మీరన్న ధరకే ఇస్తాను. అల మెషీను మాత్రం తీసేసుకుంటాను," అంది.

"అలెందుకమ్మా, నీళ్ళున్నాయి కదా," అన్నాను.

ఆవిడ నన్ను ఒకలా చూసింది. బేరమాడి బేరమాడి సముద్రంలోంచి అలను తీసేయించుకున్న మనిషిని నాకు తెలిసి నేనొక్కణ్ణే.

పది రోజులు తిరిగేసరికి వేళ్ళన్నీ ముడుచుకున్నాయి. ఫోను చేస్తే ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. పగడం చెట్టులా కనపడుతుంది గాని జంతువే. రాయిని వదిలి కదలలేదు. తిండీ గాలీ నీళ్ళే మోసుకొచ్చి పెట్టాలి, మలినం నీళ్ళే మోసుకుపోవాలి. అల లేదంటే దానికి అన్నం లేదు, ఊపిరి లేదు. "మెషీను తీసుకోండి, లేకపోతే ఇంకో నెలకు మీకు ఉప్పునీళ్ళూ రాళ్ళూ మిగులుతాయి," అంది. మెషీను ధర చెప్పింది. నాకు జ్వరం వచ్చింది.

అప్పుడు మా దగ్గర పైపులు కొనే రొయ్యల చెరువుల రైతు ఒకాయన చెప్పాడు. "రేపల్లెలో ఆపరేటరు గారని ఉన్నారు. మా చెరువుల్లో రొయ్యలకు గాలి కొట్టే చక్రాలన్నీ ఆయనే బాగుచేస్తారు. నీళ్ళలో ఏది కదలాలన్నా కదిలిస్తారు. కాకపోతే కూర్చోమనకండి, ఇబ్బంది పడతారు."

ఆ ఆఖరి మాట నాకు అర్థం కాలేదు. రేపల్లె స్టేషను ఎదురుగా టీకొట్టు బల్ల మీద ఆయన్ని కలిశాక అర్థమైంది. పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉన్నారు. మెడ కాస్త ఎడమకు వంగి ఉంది, ఆ వైపు కన్ను సగం మూసి ఉంది. నేను పగడాల సంగతి చెబుతుంటే శ్రద్ధగా వింటూనే ఉన్నారు, ఉన్నట్టుండి లేచారు. టీకొట్టు రేకుకు ఒక చిల్లు ఉంది. అందులోంచి ఒంటికంటితో బయటికి చూసి, తృప్తిగా తల ఊపి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు. "ఆ, చెప్పండి," అన్నారు. ఇరవై నిమిషాలకు మళ్ళీ లేచారు.

టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ నాకు అర్థం చెప్పాడు. "రీలు మారుస్తున్నారండి. ఇరవై నిమిషాలకో రీలు. చర్చిలో కూడా అంతే, ప్రసంగం మధ్యలో లేస్తారు. పాస్టరుగారు చూసీ చూసీ కిటికీ పక్కన చివరి బల్ల ఈయనకే ఇచ్చేశారు."

"తెర మీద బొమ్మ ఉందో లేదో చూడకపోతే ఎట్లాగండి," అన్నారు ఆపరేటరు గారు, తనేమీ తప్పు చేయనట్టు.

ఎంతవుతుందని అడిగాను. "మీరే చెప్పండి," అన్నారు. మా వృత్తిలో ఇది చాలా ప్రమాదకరమైన జవాబు. నేను అనుకున్నదాంట్లో సగం తీసి, ఆ సగంలో మళ్ళీ సగం చెప్పాను, ఆయన పెంచుతారు కదా అని. ఆయన "సరేనండి" అన్నారు. గట్టిగా ఉందనుకుని తలుపును భుజంతో నెడితే అది తీసే ఉన్నట్టు, నేను ముందుకు పడినంత పనైంది. బేరంలో అవతలి మనిషి ఎదురు చెప్పకపోవడమంత అవమానం ఇంకొకటి లేదు.

"కానీ ఒకటి అడుగుతాను షావుకారు గారూ. పని బాగుంటే ఆ బాపట్ల అమ్మగారిని పిలిచి చూపించాలి. ఆవిడ దగ్గర తొట్లు కొనేవాళ్ళు చాలామంది ఉంటారు కదండి."

"ఎందుకు, చెరువుల పని బాగానే ఉందట కదా?"

ఆయన లేచి రేకు చిల్లులోంచి చూశారు. ఇరవై నిమిషాలు కాలేదు.

జవాబు సూర్యలంకలో దొరికింది. అల ఎలా ఉండాలో చూడకుండా ఎలా చేస్తానని ఆయన పట్టుబట్టడంతో, ఒక పొద్దున ఇద్దరం బాపట్ల దిగి సముద్రానికి వెళ్ళాం. ఆయన ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచారు. కాళ్ళ నిండా పుళ్ళు. కొన్ని మానినవి, కొన్ని మానుతూ మళ్ళీ పగిలినవి. చెరువులో నడుముదాకా దిగి గంటలకొద్దీ చక్రాలు విప్పుతూ ఉంటే ఉప్పు ఇలాగే తింటుందట. ఇక నీళ్ళలోకి దిగొద్దని డాక్టరు చెప్పాడు, దిగితే కాలు తీయాల్సి వస్తుందన్నాడు. "ఒడ్డున ఉండి చేసే పని ఏదైనా కావాలండి," అన్నారు, నా వంక చూడకుండా. "ఈ అల కుదిరితే ఇంట్లో నిలబడి చేసుకుంటాను." 'కూర్చుని' అనలేదు. 'నిలబడి' అన్నారు.

తర్వాత నన్ను పూర్తిగా మర్చిపోయారు. నీళ్ళ అంచున నిలబడి, కుడిచెయ్యి చాచి అలలతో పాటు ఊపుతూ లెక్కపెట్టారు. "ఆగండి, ఆగండి... ఇప్పుడు. చూశారా? రావడం గబుక్కున వచ్చేస్తుంది. పోవడం మాత్రం సాగదీస్తుంది. కంపెనీ మెషీను రెండు వైపులా ఒకేలా నెడుతుందండి, ఫ్యాను పెట్టినట్టు. అది అల కాదు, గాలి కొట్టడం."

చుట్టూ చేపలు ఏరుకునేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. నాకు సిగ్గేసి, మాట మార్చడానికి, "సముద్రానికి ఇంటర్వెల్ ఉండదాండి?" అన్నాను.

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఉండదండి. అందుకే ఇక్కడ నాకు కూర్చోబుద్ధి కాదు."

యంత్రం అంటే పెద్దగా ఏం లేదు. మా కొట్లోని ప్లాస్టిక్ బకెట్లు వరసగా వాసన చూసి, పదకొండు కాదని పన్నెండోది తీసుకున్నారు. దాన్ని తొట్టికి పైన బల్ల మీద పెట్టారు. చిన్న మోటారు ఒకటి తొట్టిలోని నీళ్ళను సన్నగా బకెట్లోకి ఎక్కిస్తూ ఉంటుంది. బకెట్లో గొడుగు పిడిలా వంచిన లావుపాటి పైపు, దాని పొడుగు కాలు బకెట్టు అడుగులోంచి తొట్టి మీదికి దిగి ఉంటుంది. నీళ్ళు ఆ వంపు దాటేదాకా ఏమీ జరగదు. దాటగానే పైపు నిండి, బకెట్టులోని నీళ్ళన్నీ ఒక్క ఊపున కిందికి లాగేసి తొట్టిలో కుమ్మరిస్తుంది. బకెట్టు అడుగుకు రాగానే గాలి పీల్చి ఆగిపోతుంది. మళ్ళీ నిండుతుంది. తిరిగే చక్రం లేదు, అరిగే పళ్ళు లేవు, చెడిపోవడానికి ఏమీ లేదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారండి?" అని అడిగాను.

"మా హాలు దొడ్లోనండి. రీలు పెట్టి వచ్చి అక్కడ నిలబడితే, పైతొట్టి దానంతటదే పడేది. ఎవరూ లేకపోయినా పడేది. జనం తెర మీద బొమ్మ చూశారు, నేను ఇరవయ్యేళ్ళు దాన్ని చూశాను."

మొదటిసారి వదిలినప్పుడు అల తొట్టి దాటి, అద్దం దాటి, కుళాయి రంగు చూస్తున్న ఒకమ్మ చీర కుచ్చెళ్ళ దాకా వచ్చింది. "ఏంటండీ ఇది, కొట్టా, కాలవా?" అందావిడ. ఆపరేటరు గారు క్షమించమనడానికి బదులు, "ఎంత దూరం వచ్చిందమ్మా? జానెడా, మూరెడా?" అని అడిగారు. ఆవిడ కోపం మర్చిపోయి కొలిచి చూపించింది. ఆ తర్వాత మోటారు పైపుకు పెట్టిన సన్న కుళాయిని వెంట్రుకవాసి తిప్పుతూ, చెవి బకెట్టుకు ఆనించి, రెండు రోజులు అదే పని. నీళ్ళు ఎక్కువైతే పడటం ఆగదు, తక్కువైతే వంపు మీదుగా జారిపోతూ అసలు అలే పుట్టదు. రెండింటి మధ్య ఒక చోటుంది. దాన్ని ఆయన చూసి కాదు, విని పట్టుకున్నారు. పైపు జాయింట్లలో సందులుంటే జేబులోంచి పాత ఫిల్ము ముక్క తీసి కత్తిరించి చుట్టేవారు. అందులో ఏ హీరో ఉన్నాడో వెలుతురుకు పెట్టి చూశాకే చుట్టేవారు.

నాలుగో రోజుకు వేళ్ళు విచ్చుకున్నాయి. బాపట్ల ఆవిడ వచ్చి మూడు అలలు పడేదాకా నిలబడి చూసింది. "బాబాయిగారూ, ఇది నెల రోజులు ఆగకుండా, పగడాలకు ఏమీ కాకుండా ఆడితే నాకు పది చేసిపెట్టండి. ఆ తర్వాత ఇంకా చూద్దాం," అంది.

ఆ నెల మా కొట్లో జరిగింది చెప్పాలి. జనం ఆగారు. నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఆగారు. "వస్తుంది వస్తుంది" అంటూ మూడు నిమిషాలకోసారి పడే అల కోసం నిలబడేవారు, పడగానే ఊపిరి వదిలి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయేవారు. ఆపరేటరు గారు రోజు విడిచి రోజు రేపల్లె బండి దిగి వచ్చేవారు. పలకరింపు లేదు. షవర్లు పేర్చిన అరల మధ్య ఒక సందుంది, అందులోంచి ఒంటికంటితో బకెట్టును చూసి, రెండు అలలు విని, అప్పుడు "బాగున్నారాండి?" అనేవారు.

ఒకటే చిన్న లోపం. బకెట్టు అడుగున పైపు దూరే చోట బిగించిన ప్లాస్టిక్ నట్టు, మేం మరచుట్టు అంటాం, దాని దగ్గర, ఉండి ఉండి ఒక చుక్క కారేది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. "పడేది తొట్టిలోకే కదండి. పడనివ్వండి. దాన్ని ముట్టుకోకండి," అన్నారు.

ఆయనకేం, ఆయనది సినిమా హాలు. నాది కుళాయిల కొట్టు. ఇరవయ్యో రోజో ఆ మర్నాడో, ఒక మేస్త్రీ ఆ చుక్కను చూసి, "మీ కొట్లోనే కారుతుంటే మాకేం అమ్ముతారండి?" అని నవ్వి పోయాడు. ఆ నవ్వు రోజంతా నాకు చెవి దగ్గర దోమలా తిరిగింది. అదీగాక సగంలో సగానికి దించిన బేరం లోపల గుచ్చుతూనే ఉంది. ఇంకా కొసరు వేయలేదు. సాయంత్రం అల్మారా తీసి, నాన్న కాలం నాటి ఇత్తడి మరచుట్టు ఒకటి ఏరాను. బరువైనది, అరచేతిలో పెడితే చెయ్యి దిగేటంత. గుడ్డతో తుడిచి, బకెట్టు దింపి, ప్లాస్టిక్‌ది తీసి, నా చేత్తోనే అది బిగించాను. చుక్క ఆగింది. ముప్పయ్యో రోజున, అందరూ మెచ్చుకున్నాక, ఆయన మెట్లు దిగుతుండగా పిలిచి చెబుదామనుకున్నాను. ముందే చెబితే కొసరు కాదు కదా.

మర్నాడు ఆయన వచ్చి సందులోంచి చూశారు. "చుక్క ఆగిందే," అన్నారు.

"సర్దుకుందండి," అన్నాను, లోపల నవ్వుకుంటూ.

మూడు రోజులకు అద్దం మీద పాకే చిన్న నత్త ఒకటి ఊడి కింద పడింది. తర్వాత పచ్చవి ముడుచుకున్నాయి, తర్వాత ఊదావి. ఆయన రోజూ రావడం మొదలుపెట్టారు. అల మధ్య టైము తగ్గించారు, పెంచారు. మోటారు మార్చారు. పైపులోని ఫిల్ము ముక్కలన్నీ పీకేసి, రంగు దిగుతుందేమోనని గ్లాసు నీళ్ళలో నానబెట్టి చూశారు. ఇరవై నిమిషాలు పోయి ఐదు నిమిషాలకోసారి లేవడం, సందు దగ్గరికి వెళ్ళడం, రావడం. ఆయన్ని చూస్తే నాకూ కుర్చీలో నిలకడ ఉండేది కాదు.

"మీరేమైనా మార్చారా షావుకారు గారూ?"

"నేనేం మారుస్తానండి," అన్నాను.

అబద్ధమాడాలని కాదు. నమ్మితే నమ్మండి, ఆ ఇత్తడి సంగతి నాకు తట్టనే లేదు. ఇత్తడిని అనుమానించడమంటే మా తాతను అనుమానించడమే.

ముప్పయ్యో రోజున ఆవిడ వచ్చింది. తొట్టిలో అల బ్రహ్మాండంగా పడుతోంది. అది కడుగుతున్నదంతా బూడిదరంగు ముద్దల్ని. ఆవిడ వంగి వాసన చూసి, లేచి, నెమ్మదిగా అంది: "ఉప్పునీళ్ళలో ఇత్తడో రాగో తగిలితే ఇలాగే అవుతుంది బాబాయిగారూ. పగడాలకు అది విషం. అలాంటిదేమైనా వాడారా?"

కొట్లో అప్పుడు ఇద్దరు గిరాకీలున్నారు. గోడ మీద నాన్న ఫోటో ఉంది, దాని కింద మూడు అరల నిండా ఇత్తడి కుళాయిలు మెరుస్తున్నాయి. ఇంతకాలం మాటలమ్మి బతికినవాణ్ణి, ఒక్క మాట దొరకలేదు.

ఆపరేటరు గారు బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి బకెట్టు అడుగు తడిమారు. ఆయన వేళ్ళు ఆగిన చోటు నాకు తెలుసు. ప్లాస్టిక్‌కూ లోహానికీ తేడా తెలియని వేళ్ళు కావవి. ఒక్క క్షణం నా వైపు చూశారు. సగం మూసిన కన్ను కూడా పూర్తిగా తెరిచి ఉంది.

"లేదమ్మా," అన్నారు. చెయ్యి బయటికి తీసి చొక్కాకు తుడుచుకున్నారు. "నా బకెట్టులోనే ఏదో లోపం ఉన్నట్టుంది."

"అయితే ఇక వద్దులెండి బాబాయిగారూ. పదిమంది ఇళ్ళల్లో పెట్టి చంపలేను," అందావిడ. కఠినంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

సాయంత్రం బకెట్టు భుజాన వేసుకుని ఆయన స్టేషనుకు బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. రేపల్లె బండి లేటు. ప్లాట్‌ఫారం బల్ల మీద ఆయన కూర్చుంటున్నారు, లేచి పట్టాల దూరానికి చూస్తున్నారు, కూర్చుంటున్నారు.

"ఆపరేటరు గారూ, ఆ మరచుట్టు..."

"మంచి సరుకండి. బరువుంది," అన్నారు. జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. లోపలి వైపంతా పచ్చగా చిలుం పట్టి ఉంది.

"ఆవిడ అడిగినప్పుడు చెప్పి ఉండాల్సింది కదండి మీరు."

"మీ కొట్లో, మీ నాన్నగారి ఫోటో ముందు ఎట్లా చెప్తానండి? ఇద్దరి పేరూ పోవడమెందుకు." అని, బకెట్టు కూడా నా పక్కకు జరిపారు. "ఇది మీ దగ్గరే ఉంచండి. చెరువులోకి ఇదెందుకు."

బండి వచ్చింది. ఎక్కాక తలుపు దగ్గర నిలబడ్డారు, లోపల సీట్లు ఖాళీగా ఉన్నా.

రేపు బాపట్ల వెళ్ళి ఆవిడకు నిజం చెప్పేస్తాను అనుకున్నాను. తర్వాత నాతో నేను బేరమాడుకున్నాను. వచ్చే వారం. పెళ్ళిళ్ళ గిరాకీ తగ్గాక. వానలు వెలిశాక. నా జీవితంలో నేను ఓడించలేని గిరాకీ ఎవరయ్యా అంటే నేనే. ఆయన మళ్ళీ చెరువుల్లోకి దిగారని పైపుల రైతు చెప్పాడు. అది విన్న రోజు కూడా నేను బాపట్ల బండి ఎక్కలేదు.

ఆ వానాకాలం చివర్లో పని మీద రేపల్లె వెళితే, టీకొట్టు బల్ల ఖాళీగా ఉంది. టీకొట్టాయన గ్లాసు నా ముందు పెట్టి చెప్పాడు. నెల క్రితం ఇదే బల్ల మీద కూర్చుని టీ తాగారట. గుండె అన్నారట తర్వాత.

"మాకు ముందు తెలియలేదండి, నిద్రపోతున్నారనుకున్నాం. ఇరవై నిమిషాలు దాటినా లేవలేదు. అప్పుడు అనుమానం వచ్చి దగ్గరికి వెళ్ళాను."

నేను ఆ బల్ల మీద కూర్చోలేకపోయాను. నిలబడే టీ తాగాను.

ఆ తర్వాత కూడా ఏడాది గడిపాను. పోయినవాళ్ళకు ఇక ఏం ఒరుగుతుందిలే అన్నది నా కొత్త బేరం. మొన్న ఆ పెళ్ళిలో గోడ మీది తొట్టి గుటక వేసేదాకా అది బాగానే నడిచింది.

మర్నాడు పొద్దున్నే అటక మీది బకెట్టు దింపి, కొత్త ప్లాస్టిక్ మరచుట్టు ఒకటి జేబులో వేసుకుని బాపట్ల వెళ్ళాను. ఆవిడ తొట్టి అద్దం తుడుస్తోంది. మాట ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ ఇత్తడి ముక్క బల్ల మీద పెట్టి, "ఇది నేను పెట్టాను. ఆయన వద్దన్నాక, ఆయనకు చెప్పకుండా పెట్టాను," అన్నాను.

ఆవిడ దాన్ని తిప్పి చూసింది. చిలుం మీద బొటనవేలు రాసింది.

"అప్పుడే చెప్పి ఉంటే పది చేయించేదాన్ని అన్నయ్యగారూ," అంది.

తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి, అది నాకు చేతనైన పని. ఆ ముక్కను పక్కకు జరిపి, "బకెట్టు తెచ్చారా?" అంది.

పగడాల్లేకుండా నీళ్ళు మాత్రం ఉన్న తొట్టి ఒకటి చూపించింది. బల్ల వేసి, బకెట్టు ఎక్కించి, ప్లాస్టిక్ మరచుట్టు బిగించి, ఆవిడ ఇచ్చిన చిన్న మోటారు తగిలించాను. ఒక చుక్క కారింది. ముట్టుకోలేదు. సన్న కుళాయి తిప్పాను. నీళ్ళు వంపు మీదుగా జారిపోతున్నాయి, అల పుట్టడం లేదు. కొంచెం పెంచాను, ఆగకుండా పడుతోంది. తగ్గించాను. చెవి ఆనించాను. ఆయనకు వినపడింది ఏంటో నాకు వినపడలేదు. మధ్యాహ్నమైంది. ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి అన్నయ్యగారూ. పడేటప్పుడు పడుతుంది."

కూర్చున్నాను. లేచాను. అక్కడి అరల సందులోంచి చూశాను. మళ్ళీ కూర్చున్నాను. ఆవిడ నన్నే చూస్తోందని తెలుస్తోంది, కానీ కాళ్ళు నా మాట వినడం లేదు. కుళాయిని వెంట్రుకవాసి తిప్పి ఈసారి కళ్ళు మూసుకున్నాను.

బకెట్టు గుటక వేసింది. భళ్ళున పడింది. నీళ్ళు గబుక్కున ఆ చివరిదాకా వెళ్ళి, నెమ్మదిగా సాగదీసుకుంటూ వెనక్కి వచ్చాయి.

రెండోసారి పడింది, మూడోసారి పడింది. ఆ తర్వాత ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "దీన్ని ఇక్కడే ఉంచుతాను. ఎవరైనా అడిగితే రేపల్లె ఆపరేటరు గారు చేశారని చెబుతాను," అంది. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "మీ కొట్లో చివర్న ఏదో ఒకటి కొసరు ఇస్తారట కదా. దీనికేం లేదా?"

"లేదమ్మా," అన్నాను. "ఆయన చేసింది ఆయన చేసినట్టే ఉండనివ్వు."